వత్తు జారని చోటు

జగదీశ్ మార్కెట్లో మొయిజ్ భాయ్
టాబ్లెట్‌ని చొక్కా అంచుతో తుడిచి
"మస్తు చల్తది మేడమ్, గీత ఒక్కటే ఉంది" అన్నాడు.
ఒక్కటి కాదు, మూడున్నాయి.
ప్రూఫులు దిద్దిన కళ్ళు.
మూడొందలు తగ్గించాడు.

ఇరవై ఆరేళ్ళు నల్లకుంట ప్రెస్సులో
ఇతరుల వాక్యాల్లో పేలు ఏరాను.
ఇప్పుడు పేజీ తెరిస్తే
అక్షరాలు చీమలబారులా ఎటో వెళ్ళిపోతున్నాయి.
కంటి డాక్టరు "పెద్దక్షరాలు చదవండి" అన్నాడు
నా బీరువా మొత్తం తనే మళ్ళీ అచ్చు వేయిస్తానన్నట్టు.

అందుకని ఈ పలక.
అడిక్‌మెట్‌లో మా రెండో అంతస్తు మెట్ల మీద
గాలికి కూర్చుని
ఒక్కో యాప్‌నీ దించడం, తీసెయ్యడం.

మొదటిది నా వయసడిగింది, అభిరుచులడిగింది,
అన్నీ చెప్పించుకుని
కోటీశ్వరులయ్యే మార్గాలు ఎనిమిది చూపించింది.
ఇంకోటి పేజీ తిప్పితే కాగితం చప్పుడు చేసింది,
ప్లాస్టిక్ మల్లెలకి అత్తరు పూసినట్టు.
మూడోది అడుగున సన్నగా రాసింది:
"ఈ పుస్తకం ముగియడానికి మూడు గంటల పన్నెండు నిమిషాలు."
ఎవరు చెప్పారమ్మా నీకు,
ఈ పేరా దగ్గర ఆగి
నేను టీ పెట్టుకోనని?

నాలుగోది చదివి వినిపిస్తానంది.
తల్లి చచ్చిపోయే ఘట్టాన్ని
'తర్వాతి స్టేషన్ అమీర్‌పేట్' గొంతుతో చదువుతుంటే
తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయేమోనని చూశాను.

పక్క పోర్షన్ హర్షియా మెట్లెక్కుతూ వంగి చూసి
"నాలుగున్నర చుక్కలున్నాయి ఆంటీ, అదే పెట్టుకోండి" అంది.
చుక్కల సంగతి తర్వాత,
సున్న గుండ్రంగా ఉందో లేదో చూడు.

నా పరీక్షకి ఒక్క మాట చాలు.
స్త్రీ.
ఈ మాట దగ్గరే తెలిసిపోతుంది ఎవరి చెయ్యి ఎంతో.
ఒక యాప్ దాన్ని మూడు ముక్కలు చేసి
రేషను షాపు ముందు నిలబెట్టినట్టు వరసగా నిలబెట్టింది.
ఒకటి కింది వత్తుని పట్టుకోలేక వదిలేసింది,
అది జారి కింది లైను నెత్తిన పడింది.
ఒకటైతే 'ఱ' ఉండాల్సిన చోట
ఖాళీ డబ్బా పెట్టి ఊరుకుంది.

మా పోశెట్టి గుర్తొచ్చాడు.
సీసపు అక్షరాలు కూర్చేవాడు, గోళ్ళెప్పుడూ నలుపే.
క్రావడి విరిగితే కేసంతా వెతికేవాడు.
దొరక్కపోతే
"అక్కా, రాసినాయనకు చెప్పు,
గీ మాట బదులు ఇంకో మాట రాయమను" అనేవాడు
కానీ ఖాళీ డబ్బా పెట్టలేదు ఏనాడూ.

ఆరోది దొరికింది.
బొమ్మ వంకరగా ఉంది, దించుకున్నవాళ్ళు నాలుగు వేలు దాటలేదు,
నిఘంటువు లేదు, రాత్రి రంగు లేదు,
మధ్యమధ్య అలిగి మూసుకుపోతుంది.
కానీ స్త్రీ నిలబడింది.
వేళ్ళతో సాగదీశాను, నిమ్మకాయంత చేశాను,
వత్తులు రెండూ తమ చోటు వదల్లేదు.

మొదట తెరిచింది ఒక ఇంటివైద్యం పుస్తకం.
తొంభై ఒకటిలో నేను దిద్దిందే.
ఎవరో ఓపిగ్గా ఎక్కించారు, అట్ట లేదు, తప్పులున్నాయి.
నలభై మూడో పేజీ, దగ్గు:
"మూడు పూటలా ముందు వేసుకోవలెను."

ముందు.

ఇంతకాలం ఎంతమంది దగ్గుతూ
దేనికంటే ముందు అని ఆలోచించారో!
పోశెట్టి మీదికి తోసేద్దామా అంటే
అతని పొరపాటుని పట్టుకోవడానికే
నాకు జీతమిచ్చారు.
రెండో ప్రూఫు మీద సంతకం నాదే.

వేలు ఆన్చి ఉంచాను. పదం పసుపయింది.
పక్కన ఓ చిన్న గడి తెరుచుకుంది.
పాత అలవాటుగా చెవి మీద పెన్సిలుకి తడుముకుని,
టైపు చేశాను: "కొమ్ము తీసేయాలి."
"ఈ గమనికను ఎవరికైనా పంపుతారా?" అనడిగింది.

పోశెట్టి నంబరు ఎవరి దగ్గరుందో.
వద్దని నొక్కి
నలభై నాలుగో పేజీకి వెళ్ళాను, కడుపునొప్పి.
చప్పుడు చెయ్యలేదు.